తెలియక ఇచ్చింది ఇచ్చినట్టేనా?





వందనలో త్రిశరణాలు అయినాక పంచశీలాలు చెప్పుకుంటాం. రెండో శీలం దగ్గర మనలో ఎవరి గొంతూ తడబడదు. మొదటి శీలం దగ్గర కోడికూర గుర్తొచ్చి ఒకాయన తల వంచుకుంటాడు. ఐదో శీలం దగ్గర ఇంకొకాయన నేల చూపులు చూస్తాడు. రెండోది మాత్రం అందరం గట్టిగానే చెప్తాం. మనం గోడ దూకలేదు, జేబు కొట్టలేదు, మనకేం భయం అని ధైర్యం. ఈసారి ఆ ధైర్యం గురించే నాలుగు మాటలు రాయాలనుకున్నాను.

పాలీలో ఆ శీలానికి ఉన్న పేరు ‘అదిన్నాదానం’ నుంచి దూరంగా ఉండటం. దిన్నం అంటే ఇచ్చినది. అదిన్నం అంటే ఇవ్వనిది. ఆదానం అంటే తీసుకోవడం. దొంగతనం చేయను అనడం కన్నా ఇది కొంచెం పెద్ద మాట. ‘ఇవ్వనిదాన్ని తీసుకోను’ అని మనం ఒప్పుకుంటున్నాం. అలా అన్నాక ఒక ప్రశ్న వెంటబడి వస్తుంది. ఒక మనిషి తన దగ్గర ఉన్నదేమిటో, దాని విలువెంతో తనకే తెలియకుండా మన చేతిలో పెడితే, అది ఇచ్చినట్టా? ఇవ్వనట్టా?

మా మంగంపేట వైపు ఇది పుస్తకంలోని ప్రశ్న కాదు. ఎందుకో చెప్పే ముందు ఒక కథ చెప్తాను. అది మన ఆంధ్ర పేరు వినిపించే పాత బౌద్ధ కథ.

ఇద్దరు వర్తకులు, ఒక పాత గిన్నె

జాతక కథలు మొత్తం 547. అందులో మూడోది సేరివవాణిజ జాతకం. ఒక భిక్షువు సాధన మధ్యలో వదిలేసి చతికిలబడితే, చేతికందినది జారవిడుచుకుంటే ఎంత దుఃఖమో తెలియడానికి బుద్ధుడు శ్రావస్తిలో ఈ కథ చెప్పాడని అంటారు.

ఐదు కల్పాల కిందట సేరి అనే రాజ్యం ఉండేదట. ఆ రాజ్యంలో గిన్నెలు, చెంబులు, పూసలు మూటగట్టుకుని ఊరూరూ తిరిగే వర్తకులు ఇద్దరు. ఇద్దరి పేరూ సేరివుడే. ఒకడు ఆశపోతు. రెండోవాడు బోధిసత్త్వుడు. ఇద్దరూ తేలవాహ అనే ఏరు దాటి అంధపురం అనే పట్నానికి వచ్చారు. అంధపురం అంటే ఆంధ్రుల పట్నమేనని చాలామంది చరిత్రకారులు అంటారు.

ఇద్దరిదీ ఒకటే బేరం కాబట్టి పోటీ తప్పదు. అందుకని ముందే ఒక ఒప్పందం చేసుకున్నారు. వీధులు పంచుకున్నారు. ఒకడు తిరిగి పోయిన వీధిలోకి ఆ తర్వాత రెండోవాడు పోవచ్చు. ఈ ఒప్పందాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఆ పట్నంలో ఒకప్పుడు బాగా బతికిన సెట్టి ఇల్లు ఒకటి ఉండేది. కొడుకులు పోయారు, డబ్బు పోయింది. మిగిలింది ఒక అవ్వ, ఆమె మనవరాలు. ఇద్దరూ ఊళ్ళో కూలి చేసుకుని బతుకుతున్నారు. ఆ ఇంటి పెద్ద బతికున్న రోజుల్లో అన్నం తిన్న బంగారు గిన్నె ఒకటి, పాత సామాన్లలో పడి మసిపట్టి నల్లగా ఉంది. అది బంగారమని ఆ ఇద్దరికీ తెలియదు.

ఆశపోతు వర్తకుడు అరుచుకుంటూ ఆ వీధిలోకి వచ్చాడు. పిల్ల అడిగింది: “అవ్వా, నాకేమన్నా ఒకటి తీసియ్యవా?”

“యాడుంది తల్లీ మన కాడ? ఏం బెట్టి కొనేది?”

“ఆ నల్ల గిన్నె ఊరికే పడుండాది కదా. దాన్నిచ్చి తీసుకుందాం.”

పిలిచి కూర్చోబెట్టి గిన్నె చేతికిచ్చారు. వాడు బరువు చూశాడు. అనుమానం వచ్చింది. తిరగేసి, అడుగున సూదితో ఒక గీత గీశాడు. బంగారం! ఏమీ ఇవ్వకుండానే కొట్టేయాలి అనుకున్నాడు. “దీనికేం వస్తాది? అర మాషం కూడా చేయదు” అని గిన్నె నేలకేసి కొట్టి లేచిపోయాడు. కాసేపాగి మళ్ళీ వస్తే చిల్లరకే ఇచ్చేస్తారని లెక్క.

తర్వాత ఒప్పందం ప్రకారం బోధిసత్త్వుడు ఆ వీధిలోకి వచ్చాడు. పిల్ల మళ్ళీ అడిగింది. అవ్వకు సిగ్గేసింది. “ఇందాకటాయన విసిరికొట్టి పోయినాడు కదా!” అంది. “ఆయన మాట కటువు. ఈయన మాట మెత్తగా ఉండాది అవ్వా, పిలువు” అంది పిల్ల. గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. చూడగానే తెలిసిపోయింది. “అమ్మా, ఇది లక్ష చేస్తుంది. నా దగ్గర ఉన్న సరుకంతా కలిపినా దీని విలువ రాదు” అన్నాడు.

అవ్వ నమ్మలేకపోయింది. “నీ పుణ్యాన బంగారం అయిందేమో నాయనా. నీకు తోచింది ఇచ్చి తీసుకుపో” అంది. ఆయన తన దగ్గరున్న 500 కహాపణాలు, ఇంకో 500 విలువైన సరుకు మొత్తం ఇచ్చేశాడు. ఏరు దాటడానికి ఎనిమిది కహాపణాలు, తన త్రాసు, సంచి మాత్రం అడిగి ఉంచుకున్నాడు. ఆ ఎనిమిదీ పడవవాడి చేతిలో పెట్టి పడవెక్కాడు.

ఆశపోతు తిరిగొచ్చాడు. “ఏదీ, ఆ గిన్నె తెండి. ఏదో ఒకటిస్తాలే” అన్నాడు. సంగతి విన్నాడు. పిచ్చెత్తిపోయింది. సరుకు, డబ్బు అక్కడే చల్లేసి, త్రాసు కర్రను దుడ్డుకర్రలా పట్టుకుని ఏటికి పరిగెత్తాడు. పడవ నడి ఏట్లో ఉంది. వెనక్కి తిప్పమని అరిచాడు. తిరగలేదు. గట్టున నిలబడి చూస్తూ చూస్తూ, ఎండిన చెరువు అడుగున బురద పగుళ్ళు బారినట్టు వాడి గుండె పగిలిపోయింది. అక్కడే చచ్చిపోయాడు. దేవదత్తుడికి బుద్ధుడి మీద మొదటిసారి పగ పుట్టింది అక్కడేనని జాతకం ముగుస్తుంది.

కల్పాలు, పూర్వజన్మలు పక్కన పెట్టి చదివినా ఈ కథకు ఏ లోటూ లేదు. మన సీమలో చెరువు బురద పగలడం చూడనివాళ్ళు లేరు. ఇలాంటి బేరం చూడనివాళ్ళూ లేరు.

సూదికీ నోటికీ మధ్య

ఈ కథను మామూలుగా ‘ఆశ చేటు, నిజాయితీ మేలు’ అని చెప్పి ముగించేస్తారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఒక అనుమానం ఉండేది. మంచి వర్తకుడు ఇచ్చింది వెయ్యి. గిన్నె విలువ లక్ష. నూటికి ఒక్క వంతు ఇచ్చి బంగారం పట్టుకుపోయినవాడు మంచివాడెట్లా అయ్యాడు? చెడ్డవాడు కూడా రెండోసారి వచ్చి పోనీలే అని వెయ్యి ఇచ్చి ఉంటే, ఇద్దరికీ తేడా ఏముంది?

తేడా ఉంది. అది ఇచ్చిన డబ్బులో లేదు. ఇద్దరికీ గిన్నె సంగతి తెలిసింది. ఒకడు తెలిసినదాన్ని లోపల దాచుకుని నోటితో వేరే మాట చెప్పాడు. రెండోవాడు ముందు నిజం చెప్పి, తర్వాత బేరంలోకి దిగాడు. ‘ఇది లక్ష’ అన్న మాట విన్నాక అవ్వ గిన్నె ఇచ్చింది. కాబట్టి అది ‘దిన్నం’, ఇచ్చినది. చెడ్డవాడు వెయ్యి కాదు, పదివేలు ఇచ్చి తీసుకున్నా అది అదిన్నమే అయ్యేది. ఎందుకంటే అవ్వ ఇస్తున్నది మసి గిన్నె. వాడు తీసుకుంటున్నది బంగారు గిన్నె. బంగారు గిన్నెను అవ్వ ఎవరికీ ఇవ్వలేదు.

బ్రహ్మజాల సుత్తంలో బుద్ధుడు దూరంగా ఉంటాడని చెప్పిన మోసాల్లో మూడు వ్యాపారపు మోసాలున్నాయి: తులాకూటం, కంసకూటం, మానకూటం. అంటే త్రాసు మోసం, లోహం మోసం, కొలత మోసం. మధ్యలోది గిన్నె మోసమే. బంగారు నీళ్ళు పూసిన గిన్నెను బంగారమని అంటగట్టడం అని దానికి అట్ఠకథలో వివరం ఉంది. సేరివుడు చేసింది దాని తిరగేసిన మోసం. మట్టిని బంగారమనడం ఒక రకం, బంగారాన్ని మట్టి అనడం ఇంకో రకం. మొదటిదానికి పోలీసు కేసు ఉంటుంది. రెండోదానికి చాలాసార్లు ‘బేరం తెలిసినవాడు’ అనే మెప్పు వస్తుంది.

సూదితో గీయడం తప్పు కాదు. గీసినాక నోరు తెరిచే ఆ రెప్పపాటులోనే శీలం నిలబడటమో, కూలడమో జరుగుతుంది.

మన ముగ్గురాయి

ఇప్పుడు మంగంపేటకు వద్దాం. ఓబులవారిపల్లె మండలంలోని మా ఊరి పేరు చెప్తే బయటివాళ్ళకు బెరైటీస్ గుర్తొస్తుంది. మాకు మాత్రం అది ముగ్గురాయి. పొడి చేసి వాకిట్లో ముగ్గేసుకునే రాయి అనే పేరు. తరతరాలుగా మన ఆడవాళ్ళు తెల్లవారుజామున ఆ పొడిని చుక్కలు పెట్టి గీసి, మర్నాడు ఊడ్చేసేవాళ్ళు. పాత సామాన్లలో పడున్న నల్ల గిన్నె అంటే ఇదే కదా అనిపిస్తుంది నాకు.

ఆ రాయి గొప్పంతా బరువులో ఉంది. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు కోసం భూమిని వేల అడుగుల లోతు తొలిచేటప్పుడు, కింద నుంచి నూనె, గ్యాసు ఒక్కసారిగా తన్నుకొచ్చి బావి పేలిపోకుండా బరువైన బురదను లోపలికి పంపుతారు. ఆ బురదకు బరువునిచ్చేది ఈ పొడే. గల్ఫ్ దేశాల్లో, అమెరికాలో నూనె బావులు తొలిచేవాళ్ళకు ఇది లేనిదే పని జరగదు. ఒకేచోట ఇంత బెరైటీస్ ప్రపంచంలో ఇంకెక్కడా లేదని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. ఏడు కోట్ల టన్నులకు పైనే ఉందని అంచనా వేశారు.

రాయిని ఎ, బి, సి, డి అని గ్రేడులుగా విడదీస్తారు. ఆ గ్రేడు కంటికి కనిపించదు. ల్యాబులో బరువు తూచి చూస్తారు. నాలుగు తర్వాత వచ్చే పాయింటు అంకె ఎంత అన్నదే ధర. నూనె బావులకు చాలాకాలం 4.20 ఉన్న రాయే కావాలనేవారు. 2010లో అమెరికా పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 4.10 ఉన్నదాన్ని కూడా ఒప్పుకుంది. ఎక్కడో సముద్రాలవతల ఒక కాగితం మీద అంకె మారితే, ఇక్కడ తక్కువ రకమని పక్కన పోసిన గుట్టలకు కూడా గిరాకీ వచ్చింది. రాయి అదే రాయి. మారింది దాన్ని కొలిచే సూది.

రాయి చుట్టూ వర్తకుల పోరు ఎప్పుడూ ఉన్నదే. ముడిరాయిని అట్లాగే రేవుకు పంపి అమ్ముకుంటామనే ఎగుమతిదారులు ఒక పక్క. ఇక్కడే పొడి కొట్టాలి, మా మిల్లులకు రాయి ఇవ్వాలి, ధర తగ్గించాలి అనే మిల్లుల వాళ్ళు ఇంకో పక్క. గని నడిపేది రాష్ట్ర ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ కాబట్టి ఇద్దరూ దాని తలుపే తడతారు. ధర్నాలు, వేలాలు, కోర్టులు, వినతిపత్రాలు. ఒక్కొక్కరి మాటలో కొంత న్యాయం కూడా ఉంటుంది. ముడిరాయి పోతే ఇక్కడి కూలి పోతుందన్నది అబద్ధం కాదు. తక్కువ ధరకు రాయి తీసుకుని అట్లాగే అమ్ముకునే మిల్లులు ఉండవా అన్నదీ అడగాల్సిన ప్రశ్నే.

కానీ కథను గుర్తు చేసుకోండి. ఏటి గట్టున ఆశపోతు వర్తకుడు ఏమని ఏడ్చాడు? ‘వీడు నాకు పెద్ద నష్టం చేశాడు’ అని. గిన్నె వాడిదెప్పుడైంది? అవ్వ ఇంట్లో ఉన్న గిన్నె తన దగ్గరి నుంచి పోయినట్టు రెండో వర్తకుడి మీద పగబట్టాడు. వ్యాపారుల పగల్లో చాలావాటి సంగతి ఇంతే. ఇద్దరు కొట్లాడుకుంటుంటే మనం ఎవరి పక్షం అని ఆలోచిస్తాం. గిన్నె ఎవరింట్లోది అని అడగడం మర్చిపోతాం. పేలుళ్ళకు గోడలు బీటలిచ్చిన ఇళ్ళు, పొడి పీల్చుకుంటూ మూటలు మోసే కూలీలు, చేను అమ్ముకుని ఆ చేనులోనే కూలికి పోయే ఆడమనిషి – ఈ కథలో అవ్వా మనవరాలూ వీళ్ళే.

నేను చెప్పిన అబద్ధం

ఇతరుల సంగతి రాసి నా సంగతి దాచుకుంటే ఈ పుస్తకానికి విలువ ఉండదు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. బి.ఏ. పూర్తి చేసి ఉద్యోగం లేక తిరుగుతుంటే, ఒక మిల్లులో కాటా గుమస్తాగా పని దొరికింది. లారీ ఎక్కించడం, బరువు రాయడం, చీటీ ఇవ్వడం. అప్పటికి దీక్ష తీసుకోలేదు. అంబేడ్కర్ జయంతికి మాత్రం జెండా పట్టుకుని ముందుండేవాణ్ణి.

మా వాడలో ఒక అవ్వ ఉండేది. వరసకు కూడా అవ్వే. ఆమెకు రోడ్డు పక్కన డెబ్భై సెంట్ల చేను. ఉలవలు, ఆముదాలు తప్ప ఇంకేం పండేది కాదు. రాయి కుప్ప పోసుకోవడానికి ఆ స్థలం ఒకరికి కావాల్సొచ్చింది. మధ్యవర్తి వచ్చి, “రాళ్ళ నేల అవ్వా, ఎవురు కొంటారు దీన్ని? నేను గాబట్టి ఇంత ఇప్పిస్తాండా” అన్నాడు. దాని పక్క చేను అంతకు నెల ముందే అమ్ముడుపోయింది. దానికి ఎంతిచ్చారో నాకు తెలుసు. ఆ కాగితం నా బల్ల మీద నుంచే పోయింది. అవ్వకు చెప్పిన ధర అందులో మూడో వంతు కూడా లేదు.

సాయంత్రం అవ్వ మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

“అబ్బోడా, నువ్వు ఆపీసులో ఉంటావు గదా. ఈ రేటు సరేనా? ఇచ్చేయమంటావా?”

నేను ఒక్క క్షణం ఆగాను. మధ్యవర్తికీ మా మిల్లు వాళ్ళకీ మధ్య ఉన్న సంబంధం నాకు తెలుసు. నెల జీతం గుర్తొచ్చింది. “నాకు తెలీదు అవ్వా. మీ వాళ్ళను అడుగు” అన్నాను.

అంతే. అవ్వ ఇచ్చేసింది. నాకు అందులో ఒక్క రూపాయి రాలేదు. అందుకే చాలా ఏళ్ళు, నేను తప్పు చేశానని నాకు అనిపించలేదు. నేను కొనలేదు, అమ్మలేదు, మోసం చేయలేదు. తెలియదన్నాను, అంతేగా!

ఈ జాతకం మళ్ళీ చదివినప్పుడు నా మాట గుర్తొచ్చి కూర్చోలేకపోయాను. సేరివుడు అన్నది ‘అర మాషం చేయదు’ అని. నేను అన్నది ‘నాకు తెలీదు’ అని. రెండూ సూదితో గీసి చూసినవాడు చెప్పిన అబద్ధాలే. వాడు తన కోసం చెప్పాడు. నేను ఇంకొకడి కోసం, ఊరికే చెప్పాను. ఆ లెక్కన నేనే తక్కువవాణ్ణి.

దీక్ష తీసుకున్నాక ఒకరోజు ధైర్యం చేసి అవ్వ దగ్గరికి పోయి చెప్పాను. ఆమె అప్పటికి కంటిచూపు తగ్గి మంచం మీద ఉంది. నేను చెప్పింది అంతా విని అంది: “నీకు తెలుసని నాకు అప్పుడే తెలుసులే అబ్బోడా. నీ మొగం చూసినా గదా. పనిపోతాదని భయపడితివి. రేటెంతో మాత్రం నాకు తెలీలేదు.”

కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. క్షమించిందో లేదో నేను అడగలేదు. చేను తిరిగి రాదు.

వ్యాపారులు అడిగే ప్రశ్న

ఈ విషయం మాట్లాడితే మన ఉపాసకుల్లోనే చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళు ఒక మాట అడుగుతారు. “అన్నా, సరుకు గురించి నాకు తెలిసిందంతా ముందే చెప్పేస్తే నేనేం తినాలి? కంటితో చూసి రేటు కట్టడమే కదా మా విద్య? దాన్ని అమ్ముకోవడం తప్పా?”

న్యాయమైన ప్రశ్న. ధమ్మం వ్యాపారానికి శత్రువు కాదు. బుద్ధుడి మొదటి ఇద్దరు ఉపాసకులు తపుస్సుడు, భల్లికుడు – బండ్ల మీద సరుకు తోలుకుపోయే వర్తకులు. అంగుత్తర నికాయంలో ఒకచోట, ఈ సరుకు ఇంతకు కొంటే ఇంతకు పోతుంది, ఇంత మిగులుతుంది అని తెలిసినవాణ్ణి ‘కన్నున్న’ వర్తకుడని బుద్ధుడు మెచ్చుకుంటాడు. సిగాలోవాద సుత్తంలో తేనెటీగలా కొంచెం కొంచెంగా సంపాదించమంటాడు. తేనెటీగ పువ్వును పాడుచేయదు. ఉపాసకులకు వద్దన్న వ్యాపారాలు ఐదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. గిన్నెల వ్యాపారం వాటిలో లేదు.

కాబట్టి కన్ను ఉండొచ్చు. ఆ కంటికి కూలి తీసుకోవచ్చు. ఏరు దాటి, మోసుకుపోయి, కొనేవాణ్ణి వెతికి అమ్మేది వర్తకుడే. ఆ శ్రమకు, ఆ నష్టభయానికి లాభం ఉండాలి. లక్ష గిన్నెకు లక్షా ఇవ్వలేదు కాబట్టి బోధిసత్త్వుణ్ణి జాతకం తప్పుపట్టలేదు. మనం అమ్ముకునేది మన కన్నయితే అది విద్య. ఎదుటి మనిషి గుడ్డితనాన్ని అమ్ముకుంటే అది అదిన్నాదానం. ఈ రెంటినీ విడదీయడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నాకు తెలిసింది వాళ్ళకూ తెలిసిన తర్వాత ఈ బేరం నిలబడుతుందా? నిలబడితే లాభం తినండి, అరుగుతుంది. వాళ్ళకు తెలిసిన మరుక్షణం కూలిపోయే బేరమైతే, అది బేరం కాదు.

తెలిస్తే చాలా?

ఇక్కడితో ఆగిపోతే సగమే చెప్పినట్టు.

కోడూరు చుట్టూ బొప్పాయి, అరటి, మామిడి తోటలు. ఈ రోజు ఢిల్లీలో బొప్పాయి ధర ఎంతో మన రైతుకు ఫోన్‌లోనే తెలుస్తుంది. అయినా తోటలో కాయ పండుతుంటే, వ్యాపారులంతా కూడబలుక్కుని ఒకే రేటు చెప్తే, టన్నుకు ఇంత అని సూటు తీస్తే, ఏం చేస్తాడు? తన గిన్నె బంగారమని తెలిసీ మసి గిన్నె రేటుకే ఇస్తాడు. దాన్ని ఇచ్చినది అనగలమా? చెయ్యి మెలితిప్పి పెట్టించుకున్న సంతకం లాంటిది అది.

కథలోని అవ్వకు కూడా ఇదే ఇబ్బంది. బంగారమని తెలిసినా ఆ ఇద్దరు ఆడవాళ్ళు దాన్ని ఎక్కడ అమ్ముకుంటారు? అందుకే బోధిసత్త్వుడు నిజం చెప్పి ఊరుకోలేదు. తన దగ్గరున్నది మొత్తం ఇచ్చాడు. పడవ కూలి మాత్రం మిగుల్చుకున్నాడు. నిజం చెప్పడం మొదటి మెట్టు. అవతలివాళ్ళ నిస్సహాయతను ధరలోంచి తగ్గించుకోకపోవడం రెండో మెట్టు.

ఇక ఆ వీధుల ఒప్పందం. ఒకడు పోయినాక రెండోవాడు రావచ్చు అన్న నియమం ఉండబట్టే అవ్వకు నిజం తెలిసింది. ఆ వీధి మొత్తం ఆశపోతుకే రాసిచ్చి ఉంటే గిన్నె చిల్లరకే పోయేది. ఇద్దరూ ఆశపోతులై, ముందే మాట్లాడుకుని వచ్చి ఉన్నా అంతే. కాబట్టి మంచి వర్తకుడు వస్తాడని ఎదురు చూడటం కాదు, అబద్ధం నిలబడలేని వీధిని మనం కట్టుకోవాలి. బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో ధమ్మం సామాజికమని తేల్చి చెప్పారు. ఒంటరి మనిషికి ధమ్మం అవసరం లేదు, ఇద్దరు మనుషులు కలిసి బతికే చోట అది లేకపోతే కుదరదు అన్నది ఆయన మాటల సారం. కొనేవాడూ అమ్మేవాడూ అంటే ఆ ఇద్దరే కదా.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద మాటలు వద్దు. మన విహారంలో, మన వాడలో మొదలుపెట్టగలిగినవి మూడు చెప్తాను.

ఒకటి. చదువుకున్న ప్రతివాడి చేతిలో ఒక సూది ఉంది. ఒకరు రిజిస్ట్రారు ఆఫీసులో, ఒకరు కాటా దగ్గర, ఒకరు బ్యాంకులో, ఒకరు ల్యాబులో పని చేస్తున్నారు. మన వాడలో ఎవరైనా చేను, ఇల్లు, తోట, బంగారం అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, మనకు తెలిసిన ధర వాళ్ళు అడగక ముందే చెప్పాలి. అడిగినప్పుడు ‘తెలీదు’ అనకూడదు.

రెండు. నెలకొకసారి పున్నమి వందన అయినాక ఒక అరగంట ధరల గురించి, కాగితాల గురించి మాట్లాడుకుందాం. సంతకం చేసే ముందు కాగితం విహారంలో ఒకరితో చదివించుకోవాలి. సంఘం శరణం అంటే ఇది కూడా.

మూడు. పాత సామాన్లు కొనేవాడి నుంచి పండ్ల మండీ దాకా మనమే కొనేవాళ్ళమైనప్పుడు, అవతలి మనిషికి తెలియనిది మనకు తెలిస్తే, ముందు అది చెప్పి తర్వాత బేరం ఆడుదాం. కొన్ని బేరాలు పోతాయి. పోనిద్దాం.

వచ్చే వందనలో రెండో శీలం చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గుతుంది. ఆ డెబ్భై సెంట్ల చేను మీదుగానే రోజూ రాయి లారీలు పోతుంటాయి. అటు పోయినప్పుడల్లా ‘నాకు తెలీదు అవ్వా’ అన్న నా గొంతు నాకే వినిపిస్తుంది. మీలో ఎవరికైనా అట్లాంటి మాట ఒకటి గుర్తొస్తే, ఆ మనిషి బతికుండగానే పోయి చెప్పండి. అవతలివాళ్ళకు ఇంకా అవసరమున్న నిజమైతే, ఈ సాయంత్రమే చెప్పండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.